పళ్లెంలో మెరుపు, పేలని తుపాకీ

ఇంగ్లిష్ నుడికారాల మీద పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఈసారి చాలావరకు ఒకే వస్తువు చుట్టూ తిరిగాయి. అది పాతకాలపు చెకుముకి తుపాకీ. అందుకే వాటిని ఒకచోట చేర్చాం. మొదటి జవాబు నిదానంగా చదివితే మిగతావి తేలిగ్గా అర్థమవుతాయి.

ప్రశ్న: క్రికెట్ వ్యాఖ్యానంలో ఒక కొత్త కుర్రాడి గురించి, 'ఈ ఇన్నింగ్స్ ఫ్లాష్ ఇన్ ద పాన్ కాదని నిరూపించుకోవాలి' అన్నారు. ఒక్కసారి మెరిసి ఆగిపోవడమనే అర్థం తెలిసింది గానీ ఆ పాన్ ఏమిటో తెలియలేదు. మా లెక్చరరు బంగారం కడిగే పళ్లెం అన్నారు. స్నేహితురాలు మూకుడులో నూనె భగ్గుమనడం అంది. పాత కెమెరాల ఫ్లాష్ అని ఇంకోచోట చదివాను. ఏది నిజం?
డిగ్రీ విద్యార్థిని, తెనాలి

జవాబు: మూడూ కావు. ఆ పాన్ తుపాకీలోది. పదిహేడో శతాబ్దం నుంచి పంతొమ్మిదో శతాబ్దం సగం దాకా ఐరోపా సైన్యాల చేతుల్లో ఉన్నది ఫ్లింట్‌లాక్ అనే చెకుముకి తుపాకీ. దాని కుడి పక్కన, గొట్టం మొదట్లో, చిటికెడు తుపాకీ మందు పట్టే చిన్న ఇనుప గుంత ఉంటుంది. ఆ గుంత పేరే పాన్.

ఆ తుపాకీ పేలాలంటే రెండు మంటలు అంటుకోవాలి. మొదటిది బయట, పాన్‌లో. రెండోది లోపల, గొట్టంలో. రెంటికీ మధ్య దారి ఒక్కటే, గొట్టం గోడకు పొడిచిన టచ్ హోల్ అనే సన్నని రంధ్రం. దాని వెడల్పు రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ.

పని జరిగే వరస చూడండి. సిపాయి తూటా తీస్తాడు. ఆ రోజుల్లో తూటా అంటే కాగితపు పొట్లం. బ్రిటిష్ సైన్యపు బ్రౌన్ బెస్ తుపాకీకైతే అందులో సుమారు 10 గ్రాముల మందు, 30 గ్రాములు దాటిన సీసపు గుండు ఉండేవి. పొట్లం కొస పళ్లతో కొరికి చించి, చిటికెడు మందు పాన్‌లో పోసి మూత వేస్తాడు. ఈ చిటికెడు మందునే మన దేశంలో రంజకం అనేవారు. తర్వాత తుపాకీ నిలబెట్టి మిగతా మందంతా గొట్టం మూతిలోంచి పోస్తాడు. దాని మీద గుండు, కాగితం వేసి, ర్యామ్‌రాడ్ అనే ఇనుప గజంతో అడుగుదాకా దట్టిస్తాడు. గజం దాని చోట్లో దోపేసి, చెకుముకి రాయి బిగించిన కాక్‌ను పూర్తిగా వెనక్కి లాగి, ట్రిగ్గర్ నొక్కుతాడు. కాక్ ముందుకు దూకుతుంది. రాయి ఎదురుగా ఉన్న ఉక్కు పలకను గీరుతుంది. ఆ పలకే పాన్‌కు మూత కూడా. కాబట్టి దెబ్బకు అది లేచిపోతుంది, పాన్ తెరుచుకుంటుంది, నిప్పురవ్వలు రంజకం మీద రాలతాయి. రంజకం భగ్గుమంటుంది. ఆ వేడి రంధ్రంలోంచి దూరి లోపలి మందును అంటించాలి. బాగా తర్ఫీదైన సిపాయి ఇదంతా నిమిషానికి మూడుసార్లు చేసేవాడు.

రంజకం భగ్గుమన్నా లోపలి మందు అంటుకోకపోతే మెరుపు కనిపిస్తుంది, పొగ లేస్తుంది, గుండు మాత్రం కదలదు. అదే ఫ్లాష్ ఇన్ ద పాన్.

అలా జరగడానికి అన్నిటికన్నా పెద్ద కారణం మసి. తుపాకీ మందు కాలినప్పుడు దాని బరువులో సగానికి పైగా వాయువుగా మారదు. కొంత పొగలో పోగా మిగతాది బూడిదగా, మడ్డిగా మిగిలిపోతుంది. ఈ మడ్డి గాలిలోని తేమను పీల్చుకుని జిగురుగా మారి గొట్టం లోపలి గోడలకు, రంధ్రానికి అంటుకుంటుంది. కొన్ని గుండ్లు పేల్చేసరికి రంధ్రం పూడుకుపోతుంది. అందుకే ప్రతి సిపాయి దగ్గరా రంధ్రం పొడిచే సన్నని తీగ ఒకటి, పాన్ తుడిచే చిన్న బ్రష్షు ఒకటి వేలాడుతుండేవి. బ్రౌన్ బెస్ గొట్టం లోపలి వెడల్పు 0.75 అంగుళం అయితే గుండు వెడల్పు 0.69 అంగుళం మాత్రమే ఉండటానికీ ఈ మసే కారణం. బిగుతైన గుండు మసి పట్టిన గొట్టంలోకి దిగదు.

మిగతా కారణాలు: లోపలి మందు తడవడం. గజంతో సరిగా దట్టించకపోవడంతో మందు రంధ్రం దాకా చేరకపోవడం. కంగారులో మందు పోయకుండానే గుండు వేసేయడం. రంజకం మరీ తక్కువ పోస్తే వేడి చాలదు. మరీ ఎక్కువ పోసి రంధ్రం కప్పేస్తే మంట లోపలికి దూకదు, రంధ్రంలో ఇరుక్కున్న మందు ఒత్తిలా మెల్లగా కాలుతుంది. అందుకని పాన్‌లో మందు రంధ్రం అంచుకు కాస్త దిగువనే ఆపడం మంచిదని చెకుముకి తుపాకీ కాల్చేవాళ్లు ఇప్పటికీ చెబుతారు.

ఇంకొక తేడా గమనించాలి. రాయి అరిగి రవ్వలే రాలకపోతే మెరుపే ఉండదు. అది మామూలు మిస్‌ఫైర్. మెరుపు వచ్చి ఆగిపోతేనే ఫ్లాష్ ఇన్ ద పాన్. ఆశ పుట్టించి ఆ తర్వాత ఏమీ కాకపోవడం అనే అర్థం ఈ తేడాలోంచే వచ్చింది.

ఇవి అరుదుగా జరిగేవి కావు. 1834లో ఇంగ్లండులోని వూలిచ్‌లో రెండు రకాల తుపాకీలను పక్కపక్కన పెట్టి ఒక్కో రకంతో 6,000 తూటాలు కాల్చి చూశారు. చెకుముకి తుపాకీలు 922 సార్లు మొరాయించాయి. కొత్తగా వచ్చిన పెర్కషన్ క్యాప్ తుపాకీలు 36 సార్లే. ఆ కొత్త పద్ధతికి బీజం వేసిన అలెగ్జాండర్ ఫోర్సైత్ స్కాట్లండులో ఒక చర్చి పాస్టరు. ఆయనకు పక్షుల వేట ఇష్టం. పాన్‌లో మెరుపు చూసి, గుండు వచ్చేలోగా పక్షులు ఎగిరిపోవడం ఆయనకు పెద్ద ఇబ్బందైంది. దెబ్బ తగిలితే పేలే రసాయనంతో పాన్ అవసరమే లేకుండా చేసి 1807లో పేటెంటు తీసుకున్నాడు.

ఇక మీరు విన్న మూడు కథలకూ తేదీలే జవాబు. ఈ మాట అలంకారంగా అచ్చులో కనిపించేది 1687లో. నాటకకర్త ఎల్కానా సెటిల్ తన సమకాలికుడైన కవి డ్రైడెన్‌ను ఎగతాళి చేస్తూ, ఫిరంగులు పాన్‌లో మెరిసి ఊరుకునేంత మర్యాద తెలిసినవైతే డ్రైడెన్ సముద్రం మీదికి వెళ్లడానికీ తెగిస్తాడని రాశాడు. కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది 1848 జనవరిలో, అంటే 161 ఏళ్ల తర్వాత. మెగ్నీషియం పొడితో ఫొటో తీసే ఫ్లాష్ పౌడర్ వచ్చింది 1887లో, సరిగ్గా 200 ఏళ్ల తర్వాత. మూకుడు కథకు ఆధారమంటూ ఎక్కడా లేదు. సెటిల్ మాటల్లోనే ఫిరంగి ఉంది, ఇక సందేహానికి చోటెక్కడ? మీ లెక్చరరు గారి మాటలో ఒక నిజం మాత్రం ఉంది. 'పాన్ అవుట్' అనే మాట నిజంగా బంగారం కడిగే పళ్లెంలోంచి వచ్చిందే. ఇసుక కడిగాక అడుగున ఏం మిగిలిందన్నది దాని అసలు అర్థం. ఈ రెండు పాన్‌లూ కలిసిపోవడం వల్లే ఆ కథ పుట్టి ఉంటుంది.

వాడుక సంగతి. కొద్దికాలం నిలిచిన ప్రతిదానికీ ఈ మాట వాడేస్తున్నారు, అది సరికాదు. వంద రోజులు ఆడి తర్వాత జనం మరిచిపోయిన సినిమా ఫ్లాష్ ఇన్ ద పాన్ కాదు. దాని గుండు పేలింది. మొదటి రెండు మ్యాచ్‌ల్లో సెంచరీలు కొట్టి, ఇక పరుగులే చేయలేకపోయిన ఆటగాడి సంగతి వేరు. ఆ రెండు సెంచరీలే ఫ్లాష్ ఇన్ ద పాన్. మొదటి మెరుపు చూసి ఇంకేదో రాబోతోందని మనం ఎదురుచూసి ఉండాలి, అది రాకుండా పోయి ఉండాలి. కొంతకాలం గడిస్తే గానీ ఈ మాట ఖాయంగా అనలేం కనుక ఇంగ్లిష్‌లో 'మే బి', 'టర్న్డ్ అవుట్ టు బి' వంటివి దీని వెంట తరచుగా వస్తాయి. ఇందులో చిన్నచూపు ఉంది. ఎవరినైనా అభినందించే సందర్భంలో వాడకండి.

తెలుగులో దీనికి బాగా దగ్గరగా వచ్చేది తాటాకు మంట. ఆరంభశూరత్వం అంటే తప్పు మనిషి పట్టుదల మీదికి పోతుంది. ఇంగ్లిష్ మాటలో ఆ నింద ఉండాల్సిన పని లేదు. మూడునాళ్ల ముచ్చటలో సరదా తీరిపోవడమే ఉంది గానీ నెరవేరని ఆశ లేదు.

ప్రశ్న: కంపెనీ అమ్మకం వార్తల్లో 'లాక్, స్టాక్ అండ్ బ్యారెల్' అని చూస్తుంటాం. దుకాణం తాళం, అందులో సరుకు, పీపాలు అన్నీ కలిపి అమ్మడమే దీని మూలం అని ఒక కోచింగ్ పుస్తకంలో ఉంది. సరైనదేనా?
బ్యాంకు ఉద్యోగి, కర్నూలు

జవాబు: సరైనది కాదు. ఏదీ మిగల్చకుండా మొత్తంగా అని ఈ మాటకు అర్థం. ఇవి తుపాకీ మూడు భాగాలు. బ్యారెల్ అంటే గొట్టం. స్టాక్ అంటే గొట్టాన్ని మోసే కట్టె, భుజానికి ఆనే భాగం. బ్రిటిష్ సైన్యపు తుపాకీలకు దాన్ని వాల్‌నట్ కర్రతో చేసేవారు. లాక్ అంటే నిప్పు పుట్టించే యంత్రాంగం మొత్తం: కాక్, పాన్, ఉక్కు పలక, లోపలి స్ప్రింగులు, కొక్కేలు, ఇవన్నీ బిగించిన పక్క రేకు. ఫ్లింట్‌లాక్ అనే పేరులో ఉన్నదీ ఈ లాకే.

మూడు భాగాలనూ విడిగా చెప్పడానికి కారణం ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో వీటిని ఒకే చేతులు చేసేవి కావు. గొట్టాలు చేసేవాళ్లు వేరు, వాళ్లు పోతపోయకుండా ఇనుప రేకును కాల్చి కడ్డీ చుట్టూ మలిచి అతికేవాళ్లు. లాకులు చేసేవాళ్లు వేరు. బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల పనివాళ్ల నుంచి గొట్టాలు, లాకులు లండన్ టవర్‌లోని ఆయుధాగారానికి చేరేవి. అక్కడ వాటిని పరీక్షించి నిల్వ ఉంచేవారు. అవసరమైనప్పుడు కట్టె పనివాడు కర్రను ఆ గొట్టానికీ ఆ లాక్‌కూ సరిపడేలా తొలిచి అమర్చేవాడు. అన్నీ చేతి ఆకురాయితో సరిచేసినవి. ఒక తుపాకీ లాక్ తీసి ఇంకొకదానికి పెడితే సరిగ్గా కూర్చుంటుందన్న నమ్మకం లేదు. కాబట్టి తుపాకీ కొంటున్నానంటే మూడూ ఉన్నాయా అని అడగడం మామూలు వ్యవహారమే.

అచ్చులో దీనికి పేరున్న పాత ఆధారం నవలాకారుడు వాల్టర్ స్కాట్ 1817లో రాసిన ఉత్తరం. ఒకటి బాగుపడాలంటే హైలాండు వాడి తుపాకీలా స్టాకూ, లాకూ, బ్యారెలూ మూడూ కొత్తవి కావాలన్నాడు. వరస కాస్త వేరుగా ఉంది గానీ తుపాకీ అని ఆయనే చెప్పాడు. దుకాణం కథకు అలాంటి ఆధారం లేదు.

వాడేటప్పుడు వాక్యం చివర, ఏకవచనంలోనే ఉంచండి. 'బ్యారెల్స్' అనకూడదు. ముందు 'విత్' అక్కర్లేదు. తెలుగులో చెప్పాలంటే అమ్మకానికి గుండుగుత్తగా, ఇల్లు మారడానికి మూటాముల్లెతో సహా.

మనకు సంబంధించిన ముక్క ఒకటి ఇక్కడ చెప్పాలి. ఈస్టిండియా కంపెనీ తన సిపాయిల కోసం 39 అంగుళాల గొట్టంతో, తక్కువ ఖర్చులో తయారయ్యే తుపాకీ ఒకటి చేయించుకుంది. దాన్ని ఇండియా ప్యాటర్న్ అన్నారు. ఫ్రాన్సుతో యుద్ధం ముంచుకొచ్చి ఆయుధాలు చాలకపోవడంతో 1790లలో బ్రిటిష్ ప్రభుత్వం కంపెనీ దగ్గరున్న ఈ తుపాకీలనే తీసుకుని, చివరికి తన సైన్యానికీ అదే నమూనా ఖాయం చేసింది. మద్రాసు సైన్యంలో వీటిని మోసినవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది ఉండేవారు. దక్షిణాది నుంచి వచ్చిన ఈ సిపాయిలను బట్టే బెంగాల్, అవధ్ ప్రాంతాల్లో కంపెనీ సిపాయి ఏ ఊరివాడైనా సరే అతన్ని తిలంగా అని పిలిచేవారు.

ప్రశ్న: మీటింగులో మా మేనేజర్ 'డోంట్ గో ఆఫ్ హాఫ్ కాక్డ్' అన్నారు. ఇది సభ్యమైన మాటేనా? ఆఫీసులో వాడొచ్చా?
సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: నిస్సంకోచంగా వాడొచ్చు. చెకుముకి రాయిని పట్టుకునే ఇనుప దవడను కాక్ అంటారు. హిందీలో ఘోడా. లాక్ లోపల దీనికి అనుసంధానంగా టంబ్లర్ అనే బిళ్ల, దాని అంచున రెండు గాట్లు ఉంటాయి. కాక్‌ను సగం లాగితే సియర్ అనే కొక్కెం లోతైన మొదటి గాటులో పడుతుంది. అప్పుడు ట్రిగ్గర్ ఎంత నొక్కినా కొక్కెం బయటికి రాదు. పూర్తిగా లాగితే లోతు తక్కువ ఉన్న రెండో గాటు. అక్కడి నుంచి వేలితో నొక్కితే చాలు జారిపోతుంది. మందు దట్టించేది కాక్ సగంలో ఉన్నప్పుడు, కాల్చేది పూర్తిగా లాగాక.

మొదటి గాటు అంచు అరిగినా విరిగినా కాక్ సగం నుంచే జారిపోతుంది. రంజకం అప్పటికే పాన్‌లో ఉంటుంది కనుక సిపాయి చేయి గొట్టం మూతి మీద, గజం లోపల ఉండగానే తుపాకీ పేలొచ్చు. సిద్ధం కాకముందే పేలడం అంటే అది. మీ మేనేజర్ చెప్పింది కూడా అదే, వివరాలు పూర్తిగా సేకరించకుండా క్లయింటుకు మెయిల్ పెట్టొద్దని. అమెరికాలో 'హాఫ్ కాక్డ్', బ్రిటన్‌లో 'ఎట్ హాఫ్ కాక్' ఎక్కువ వినిపిస్తాయి.

ప్రశ్న: పేపర్లలో 'ద ప్రాజెక్ట్ ఈజ్ హ్యాంగింగ్ ఫైర్' అని వస్తుంది. ఇది తగలబడటమా, వేలాడటమా? 'వాజ్ హ్యాంగ్డ్ ఫైర్' అని రాయొచ్చా?
గ్రూప్-2 అభ్యర్థి, వరంగల్

జవాబు: పాన్‌లో మెరుపు వచ్చింది, తుపాకీ పేలలేదు, ఇక పేలదనుకునేలోగా ఒక్క క్షణం ఆలస్యంగా పేలింది. దాన్ని హ్యాంగ్ ఫైర్ అంటారు. తేమ తగిలిన మందు గానీ సగం పూడిన రంధ్రం గానీ దీనికి కారణం. ఫ్లాష్ ఇన్ ద పాన్‌లో కథ ముగిసింది, హ్యాంగ్ ఫైర్‌లో ముగియలేదు. ఇది ప్రమాదకరం కూడా. పేలలేదని గొట్టంలోకి తొంగిచూసినవాడి ముఖం మీద పేలొచ్చు. అందుకే తుపాకీ నొక్కినా పేలకపోతే మూతిని మనుషులు లేని వైపే ఉంచి కనీసం 30 సెకన్లు కదలకుండా ఆగాలన్న నియమం నేటి షూటింగ్ రేంజుల్లోనూ ఉంది.

కాబట్టి నిర్ణయం ఇంకా రావలసి ఉన్న విషయానికే ఇది వాడాలి. రద్దయిన ప్రాజెక్టు హ్యాంగింగ్ ఫైర్ కాదు. భూతకాలం 'హంగ్ ఫైర్'. 'హ్యాంగ్డ్' ఉరిశిక్షకు వాడే రూపం, ఇక్కడ పనికిరాదు. కర్మణి ప్రయోగం కూడా కుదరదు, కాబట్టి 'వాజ్ హ్యాంగ్డ్ ఫైర్' రెండు విధాలా తప్పు. మన దేశపు ఇంగ్లిష్ పత్రికలు దీన్ని రోజూ వాడతాయి గానీ అమెరికన్లకు అంత అలవాటు లేదు. అక్కడివాళ్లకు రాసేటప్పుడు 'పెండింగ్' అంటే చాలు.

ప్రశ్న: 'బైట్ ద బులెట్' 1857 తిరుగుబాటు నుంచి వచ్చిందని, కొవ్వు పూసిన తూటాలను సిపాయిలు కొరకడమే దాని మూలమని మా పిల్లలకు చెబుతున్నాను. ధ్రువీకరించగలరా?
ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: ఇకపై అలా చెప్పకండి మాస్టారూ. 1857 సంఘటన నిజం, దానితో ఈ నుడికారానికి ముడి మాత్రం నిజం కాదు. రెండు విధాలుగా అది నిలవదు.

మొదటిది, సిపాయి కొరికింది గుండును కాదు, కాగితాన్ని. కొత్తగా వచ్చిన ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటా కాగితపు గొట్టం. ఒక కొసలో మందు, రెండో కొసలో గుండు. గొట్టం లోపల మెలికల గాడులు ఉన్న రైఫిల్లోకి బిగుతైన గుండు జారడానికి కొవ్వు పూసింది గుండు ఉన్న కొస మీద. పళ్లతో చించేది మందు వైపు కొసను. అయినా పళ్ల దగ్గరికి వచ్చేది అదే కాగితం, ఆ కొవ్వు ఆవుదో పందిదో అన్న అనుమానం సిపాయిల మతాచారాలకు సంబంధించినది. 1857 ఏప్రిల్ 24న మీరట్‌లో మూడో అశ్వికదళంలోని 90 మందిలో 85 మంది తూటాలు ముట్టుకోబోమన్నారు. అప్పటికే చేత్తో చించుకోవచ్చని కవాతు నియమం మార్చినా నమ్మకం కుదరలేదు. మే 10న అక్కడే తిరుగుబాటు మొదలైంది. పిల్లలకు ఈ వివరం తప్పక చెప్పండి, చరిత్ర పాఠంగా.

రెండోది తేదీ. ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన బజారు మాటలకు ఒక నిఘంటువు కూర్చాడు. దాని 1796 ముద్రణలో 'నైటింగేల్' అనే మాట దగ్గర, కొరడా దెబ్బలకు అరిచే సిపాయిని అలా వెక్కిరిస్తారని, కొన్ని దళాల్లో తొమ్మిది తోకల కొరడా కింద నోరు మెదపకుండా ఉండటం పరువుగా భావించి సీసపు గుండు నములుతారని రాశాడు. ఇది మీరట్‌కు 61 ఏళ్ల ముందు మాట. సీసం మెత్తనిది, పంటి కింద నొక్కుకుంటుంది గానీ పళ్లు విరగ్గొట్టదు. మత్తుమందు లేని రోజుల్లో ఆపరేషన్లకూ ఇలాగే చేసేవారన్న కథ బాగా ప్రచారంలో ఉంది. రాతలో గట్టిగా కనిపించే సాక్ష్యం మాత్రం కొరడా దెబ్బలదే. నేటి అర్థంలో దీన్ని 1891లో కిప్లింగ్ తన నవల ది లైట్ దట్ ఫెయిల్డ్‌లో, భయపడుతున్నట్టు వాళ్లకు కనబడనీయొద్దని ధైర్యం చెప్పే పాత్ర నోట పలికించాడు.

దీనికి తెలుగులో చక్కని జోడు ఉంది, పంటి బిగువున. అయితే నేటి ఇంగ్లిష్‌లో భరించడం ఒక్కటే చాలదు, తప్పని కష్టమైన పనికి పూనుకోవడమూ ఉండాలి. ప్రభుత్వం 'బిట్ ద బులెట్ అండ్ రెయిజ్డ్ ఫేర్స్' అంటే గుండె రాయి చేసుకుని చార్జీలు పెంచిందని. వర్షంలో బస్సు కోసం నిలబడ్డానికి ఈ మాట వాడరు.

ప్రశ్న: 'దేవుణ్ని నమ్ము, మందు పొడిగా ఉంచుకో' అన్నది క్రామ్‌వెల్ మాటేనా? ఇక్కడి బిజినెస్ పేజీల్లో వచ్చే 'డ్రై పౌడర్' అదేనా?
డల్లాస్ పాఠకుడు

జవాబు: పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండును ఏలిన సేనాని ఒలివర్ క్రామ్‌వెల్ 1658లో చనిపోయాడు. ఆయన అలా అన్నాడని చెప్పేది 1834లో వచ్చిన ఒక పద్యం. రాసింది విలియం బ్లాకర్ అనే ఐరిష్ సైనికాధికారి. మధ్యలో దాదాపు 176 ఏళ్లు. క్రామ్‌వెల్ కాలపు రాతల్లో ఆ వాక్యం లేదు. కాబట్టి దాన్ని బ్లాకర్ ఖాతాలో వేయడమే న్యాయం.

సలహా మాత్రం అక్షరాలా నిజం. తుపాకీ మందులో 100 పాళ్లకు 75 పాళ్లు పెట్లుప్పు (పొటాషియం నైట్రేట్), 15 బొగ్గు, 10 గంధకం. పెట్లుప్పు సరిగ్గా శుద్ధి కాకపోతే అందులో మిగిలిన కాల్షియం లవణం గాలిలోని చెమ్మను లాగేస్తుంది. వానలో పరిస్థితి మరీ కష్టం, ఎందుకంటే కాల్చే క్షణంలో పాన్ మూత తెరుచుకోక తప్పదు. అందుకే లాక్ మీద కొవ్వు పట్టించిన తోలు తొడుగు కట్టేవారు. తూటాల సంచికి పెద్ద తోలు మడత వేసేవారు.

ఇది రుజువైన చోటు మన దేశంలోనే ఉంది. 1757 జూన్ 23న ప్లాసీలో మధ్యాహ్నం జోరువాన పడింది. క్లైవ్ మనుషులు మందుగుండు మీద టార్పాలిన్లు కప్పారు. సిరాజుద్దౌలా వైపు మందు తడిసి ఫిరంగులు మూగబోయాయి. ఇంగ్లిష్‌వాళ్ల మందు కూడా తడిసి ఉంటుందనుకుని నవాబు సేనాని మీర్ మదన్ గుర్రపు దళంతో మీదికి దూకి ఫిరంగి దెబ్బకు నేలకూలాడు. ప్లాసీ ఫలితానికి మీర్ జాఫర్ ద్రోహమే మూలం, వాన కాదు. కానీ నవాబు తరఫున మనసుపెట్టి పోరాడిన ఒక సేనాని పోయింది శత్రువు మందు కూడా తడిసిందన్న ఆ తప్పు అంచనా వల్లే.

బిజినెస్ పేజీల్లో 'డ్రై పౌడర్' ఇదే మాటకు కొత్త వాడుక. ప్రైవేట్ ఈక్విటీ, వెంచర్ ఫండ్లు ఇన్వెస్టర్ల నుంచి మాట తీసుకుని, ఇంకా ఏ కంపెనీలోనూ పెట్టకుండా ఉంచుకున్న సొమ్మును అలా అంటారు. మామూలు కంపెనీ దగ్గర చేతిలో ఉన్న నగదుకూ, వెంటనే డబ్బుగా మార్చుకోగల బాండ్లకూ కూడా వాడతారు. అప్పు చేసి తెచ్చుకోగలిగినది డ్రై పౌడర్ కిందికి వస్తుందా అంటే ఆ పేజీలు రాసేవాళ్లలోనే ఏకాభిప్రాయం లేదు. కాబట్టి వార్తలో అంకె కనిపించినప్పుడు అది చేతిలోని సొమ్మా, రావలసిన మాట సొమ్మా అని ముందు చూసుకోండి.